పెన్నా మీద మంచు ఫోటోలు: 30 పొద్దుల లెక్క

పెన్నా మీద చలికాలం మంచుని ఫోటో తీయడానికి నేను చేసిన పని ఇది. మంచు అంటే నేల మీద తెల్లగా పరుచుకునే స్నో కాదు, అది నెల్లూరులో ఎట్టాగూ పడదు. సంక్రాంతికి ముందూ వెనకా పొద్దన్నే నదిని కమ్మేసే మంచు. తెలుగులో రెండిటికీ ఒకటే మాట, నేనూ రెండూ ఒకటే అన్నట్టు మొదలుపెట్టి, స్నోలో నదిని ఎట్టా తీయాలో చెప్పే వీడియోలు చూసి అవే సెట్టింగులు పెన్నా దగ్గర వాడా. కొన్ని పనికొచ్చాయి, చాలా రాలేదు. వచ్చే చలికాలం పెన్నాకో గుండ్లకమ్మకో పోయేవాళ్ళు నా తప్పులు వదిలేసి మిగతాది కాపీ కొట్టేయండి.

సామాను: సెకండ్ హ్యాండ్‌లో కొన్న క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్స్ (వెడల్పుగా తీసేది), 55-250 జూమ్ (దూరాన్ని దగ్గరికి లాగేది), అల్యూమినియం ట్రైపాడ్. ఇవి ముందే ఉన్నాయి కాబట్టి ఖర్చులో కలపలేదు, పెట్రోలు కూడా కలపలేదు.

స్టేజ్ 1: తప్పు చోటు (1 నుంచి 6 పొద్దులు)

డిసెంబర్ 22న మొదలుపెట్టా. రంగనాయకుల గుడి వెనక ఘాట్ ఇంటికి దగ్గర, ధనుర్మాసం మైకు మోగే టైముకే జనం ఉంటారు, భయం లేదు, అందుకే అక్కడ నిలబడ్డా. ఆరు పొద్దుల్లో మంచు పట్టింది రెండు రోజులే, ఆ రెండు రోజులు కూడా సూర్యుడు నది మీద కాకుండా నా కుడిపక్క ఊళ్ళో మేడల మీద లేచాడు. నది వైపు చూస్తే రంగు లేదు, ఊరి వైపు చూస్తే నది లేదు.

ఇది అదృష్టం మీద పోయేది కాదు, దిక్కు లెక్క. చలికాలం సూర్యుడు సరిగ్గా తూర్పున లేవడు. నెల్లూరులో డిసెంబర్ చివర దిక్సూచి మీద 114 డిగ్రీల దగ్గర లేస్తాడు (తూర్పు అంటే 90), సంక్రాంతికి 112, జనవరి చివరికి 108, ఫిబ్రవరి మధ్యకి 103. నదేమో పైనున్న సంగం ఊరి నుంచి నెల్లూరు దాకా మొత్తం మీద ఆగ్నేయంగా వస్తుంది, ఊరు దాటాక ఈశాన్యం వైపు తిరిగి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. కాబట్టి నెల్లూరు ఘాట్‌లో నిలబడి కిందికి, అంటే నది పారే వైపు, చూస్తే చలికాలం సూర్యుడు నదికి దూరంగా కుడిపక్క పడతాడు. అదే ఊరికి పైన జొన్నవాడ దగ్గర నిలబడి కిందికి చూస్తే నది పోయే దిక్కు, సూర్యుడు లేచే దిక్కు దాదాపు ఒక వరసలోకి వస్తాయి, అదీ ఈ రెండు నెలలే. మార్చి వచ్చేసరికి సూర్యుడు ఎడమకి జరిగి గట్టు చెట్ల మీదకి పోతాడు.

చోటు చూసుకోవడం ఇట్టా:

1. పగటిపూటే పోయి నది పారే వైపు ఫోన్ దిక్సూచి పెట్టి డిగ్రీలు రాసుకోండి.
2. పైన రాసిన సూర్యుడి డిగ్రీలతో పోల్చండి. తేడా 15 లోపల ఉంటే ఆ చోటు పనికొస్తుంది.
3. సూర్యుడు జనవరిలో 6.40 దగ్గర లేస్తాడు. మీరు 5.15కల్లా అక్కడుండాలి, ఎందుకంటే మంచి వెలుతురు సూర్యుడు కనపడక ముందు 25 నిమిషాలు, కనపడ్డాక 20 నిమిషాలు, అంతే.

ఏడో పొద్దు నుంచి జొన్నవాడ గట్టుకి మారిపోయా. కామాక్షమ్మ గుడికి కొంచెం ఇవతల, ఇసక మీదకి దిగే దారి ఉంది.

ఇప్పటిదాకా: 6 పొద్దులు, మంచు పట్టినవి 2, ఫ్రేములు 188, ఉంచుకున్నవి 0, ఖర్చు 0.

స్టేజ్ 2: స్నో లెక్క మంచుకి కుదరలేదు (7 నుంచి 11)

కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఏం చూసినా దాన్ని ఒక మధ్యరకం బూడిద రంగు అనుకుంటుంది. తెల్లటి స్నోని చూపిస్తే దాన్ని కూడా బూడిదలోకి దించేస్తుంది, అందుకే స్నోలో ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) ప్లస్ 1 నుంచి ప్లస్ 2 దాకా పెంచమంటారు. ఆ మాట కరెక్టే. నేను మంచు కూడా తెలుపే కదా అని ప్లస్ 2 పెట్టి తీశా, ఇంటికొచ్చి చూస్తే సూర్యుడి చుట్టూ అరచేయంత మేర తెల్ల కాగితం అయిపోయింది, అక్కడ రంగూ లేదు వివరమూ లేదు, కెమెరా ఏమీ మార్చకుండా దాచే రా ఫైల్‌లో కూడా వెనక్కి రాలేదు. మర్నాడు భయపడి సున్నా పెడితే ఫోటో అంతా బురద నీళ్ళలా వచ్చింది.

తేడా ఎక్కడుందంటే స్నో నేల మీద పడి ఉంటుంది, దాని మీద వెలుగు పడి మనకి కొడుతుంది. మంచు గాలిలో ఉంటుంది, మనకీ చెట్టుకీ మధ్యలో. వెనక నుంచి సూర్యుడు వస్తే మంచే దీపంలా వెలుగుతుంది, వెనక వెలుగు లేకపోతే అదే మంచు నిజంగానే బూడిద రంగులో ఉంటుంది. కాబట్టి ఒకటే నంబర్ పెట్టుకుని కూర్చుంటే కుదరదు. ఐదు పొద్దుల్లో ఒక్కో సీన్ మూడేసి ఎక్స్‌పోజర్లతో తీసి పోల్చాక నాకు తేలింది ఇది:

1. సూర్యుడు రాక ముందు, పలచటి మంచు: ప్లస్ 0.7.
2. చుట్టూ ఒకే రకంగా దట్టంగా పట్టినప్పుడు: ప్లస్ 1, ఒక్కోసారి 1.3.
3. సూర్యుడు ఫ్రేములోకి వచ్చాక: మీటర్ మాట వినొద్దు, మాన్యువల్‌లో పెట్టి హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపించే గ్రాఫ్) చూసి తీయండి.

హిస్టోగ్రామ్‌లో కూడా ఒక దెబ్బ తిన్నా. నేను చూసింది మొత్తం వెలుగుకి ఒకటే గీత ఉండే హిస్టోగ్రామ్, అందులో అంతా బాగానే ఉంది, కానీ పొద్దు పొడిచేటప్పుడు ముందు ఎరుపు ఛానల్ నిండిపోతుంది, అది ఆ గీతలో తెలియదు. సూర్యుడి చుట్టూ కాషాయం రావాల్సిన చోట మొండి పసుపు వచ్చింది. మెనూలోకి పోయి మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ ఆన్ చేశా, అప్పటి నుంచి ఆ బాధ లేదు. రంగుల తూకం సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే మంచులో ఉన్న నీలాన్ని కెమెరా తప్పని అనుకుని తీసేస్తుంది, దాన్ని 5300 కెల్విన్ దగ్గర పెట్టి మళ్ళీ ముట్టుకోలేదు.

ఇప్పటిదాకా: 11 పొద్దులు, మంచు 5, ఫ్రేములు 428, ఉంచుకున్నవి 1, ఖర్చు 0.

స్టేజ్ 3: లెన్స్ మీద చెమ్మ (12 నుంచి 16)

ఈ ప్రాజెక్టులో నన్ను బాగా ఏడిపించింది ఇదే. పన్నెండో పొద్దు మంచు అద్భుతంగా పట్టింది, నీళ్ళ మీద మోకాలెత్తు పొర, దాని పైన జమ్ము కొసలు మాత్రం కనపడుతున్నాయి, 61 ఫ్రేములు తీశా. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే పద్నాలుగో ఫ్రేము నుంచి చివరి దాకా అన్నీ పోయాయి, లెన్స్ ముందు గాజు మీద చెమ్మ పట్టింది. కెమెరా వెనక మూడంగుళాల స్క్రీన్‌లో గాజు మీద చెమ్మ, నది మీద మంచు రెండూ ఒకేలా కనపడతాయి, నేను మంచు ఇంకా దట్టంగా అవుతోందని సంబరపడుతూ తీసుకుంటూ పోయా. అలాంటి పొద్దు ఈ సీజన్‌లో మళ్ళీ రాలేదు.

అందరూ చెప్పే కారణం ఏసీ గదిలోంచి బయటికి తేవడం అని. కొలిచి చూశా, నా గది 25 డిగ్రీలు, గట్టు మీద గాలి 19. అంటే కెమెరా గాలికంటే వెచ్చగా వచ్చింది, వెచ్చటి గాజు మీద చెమ్మ పట్టదు. టైము చూస్తే విషయం అర్థమైంది, 5.10కి బిగించా, 5.35 దాకా గాజు శుభ్రంగానే ఉంది, 5.50కి పోయింది. తెరిపి ఆకాశం కింద పెట్టిన వస్తువు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది, గడ్డి మీద, బండి సీటు మీద రాత్రంతా నీళ్ళు పట్టేది అట్టానే, నా లెన్సూ అదే పని చేసింది. గాజుని గాలికంటే మూడు నాలుగు డిగ్రీలు వెచ్చగా ఉంచితే చాలు. టెలిస్కోపులు వాడేవాళ్ళు లెన్స్‌కి వేడి పట్టీ కట్టుకుంటారు, అది నేనే చేసుకున్నా.

మొదటి పట్టీ ఫెయిల్. 220 ఓంల రెసిస్టర్లు ఆరు పక్కపక్కన కలిపా, 5 వోల్టుల మీద అది 0.7 వాట్ కూడా లేదు, కరెంటు 0.14 యాంప్. పవర్ బ్యాంక్ అంత చిన్న కరెంటు చూసి ఫోన్ తీసేశారనుకుని అర నిమిషానికి ఆగిపోతోంది. ఖర్చు 60.

రెండో పట్టీ పని చేసింది:

1. 120 ఓంల క్వార్టర్ వాట్ రెసిస్టర్లు 12 తీసుకుని రెండు రాగి తీగల మధ్య నిచ్చెన మెట్లలాగా సోల్డర్ చేయండి.
2. మల్టీమీటర్‌తో చూడండి, మొత్తం 10 ఓంల దగ్గర రావాలి. సున్నా దగ్గర వస్తే ఎక్కడో తీగలు తగులుతున్నాయి, పవర్ పెట్టొద్దు.
3. పాత యూఎస్‌బీ కేబుల్ కోసి ఎరుపు, నలుపు తీగలు రెండిటికీ కలపండి. 5 వోల్టుల మీద అర యాంప్, రెండున్నర వాట్లు. ఒక్కో రెసిస్టర్ మీద 0.21 వాట్ పడుతుంది, దాని హద్దులోనే ఉంది.
4. రెండు పక్కలా వేడికి ఆగే టేప్ వేసి, పాత జీన్స్ గుడ్డలో పెట్టి కుట్టి, చివర్లకి వెల్క్రో పట్టీ.
5. లెన్స్ ముందు అంచుకి దగ్గరగా కట్టండి, ఫోకస్ రింగు మీద కాదు. హుడ్ (లెన్స్ ముందు పెట్టే గొట్టం) కూడా పెట్టండి.

మల్టీమీటర్ వేడి ప్రోబ్ పెట్టి కొలిస్తే లెన్స్ అంచు గాలి కంటే 4 డిగ్రీలు వెచ్చగా ఉంది. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌తో మూడు గంటలు నడిపినా ఇంకా సగం పైన మిగిలింది. ఖర్చు 125. ఇదున్నా పది ఫ్రేములకి ఒకసారి ఫోన్ టార్చి పక్క నుంచి గాజు మీద వేసి చూడడం అలవాటు చేసుకున్నా, చెమ్మ ఉంటే గాజు పాలలా మెరుస్తుంది.

ఈ మధ్యలోనే భోగి వచ్చింది. భోగి పొద్దున మంచు మంచిగా పట్టింది కానీ ఊళ్ళ మంటల పొగ అందులో కలిసి నది మీద మట్టి రంగు దుప్పటి అయింది, టైరు కాలిన వాసన గట్టు దాకా వచ్చింది. ఆ రంగు ఎడిటింగ్‌లో పోదు, మంచులో నీలం పొగలో ఉండదు. భోగి నాడు నది ఫోటో పెట్టుకోవద్దు, ఇంటి ముందు మంటే తీయండి, అది ఆ రోజు ఫోటో.

ఇప్పటిదాకా: 16 పొద్దులు, మంచు 7, ఫ్రేములు 559, ఉంచుకున్నవి 2, ఖర్చు 185.

స్టేజ్ 4: ట్రైపాడ్, ఇసక (17, 18)

తడి ఇసకలో ట్రైపాడ్ కాలు దిగిపోతుంది. 20 నిమిషాల్లో నీళ్ళ వైపు కాలు 14 మిల్లీమీటర్లు దిగింది, రెండు సెకన్ల షాట్లన్నీ చెదిరిపోయాయి, ఫోటోలో అవతలి ఒడ్డు అడ్డగీత కూడా వంగిపోయింది. పెయింట్ డబ్బా మూతలు మూడు కాళ్ళ కింద పెట్టి మళ్ళీ 20 నిమిషాలు ఆగి కొలిస్తే 2 మిల్లీమీటర్లు. మూతలు ఇంట్లో ఉన్నవే. కొబ్బరి చిప్పలు కూడా పెట్టి చూశా, అవి దొర్లుతున్నాయి, వద్దు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పెన్నాలో ఇసక తవ్విన గుంతలు ఉన్నాయి, పైన మోకాలు లోతు నీళ్ళలా కనపడి లోపల మనిషెత్తు ఉంటాయి. మంచులో అసలు తెలియదు. దానికి తోడు 2022 సెప్టెంబర్ 6న సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ మొదలయ్యాయి, ఈ జొన్నవాడ ఆ రెండిటి మధ్యలో ఉంది, నీళ్ళు ఆపినా వదిలినా ఇక్కడ ఒడ్డు మారుతుంది. నిన్న నిలబడిన ఇసక దిబ్బ ఇవాళ నీళ్ళలో ఉండొచ్చు. చీకట్లో నీళ్ళలోకి దిగొద్దు, పగలు చూసుకున్న దారిలోనే నడవండి, ఒంటరిగా పోతే ఇంట్లో చోటు చెప్పి పోండి.

ఇప్పటిదాకా: 18 పొద్దులు, మంచు 8, ఫ్రేములు 599, ఉంచుకున్నవి 2, ఖర్చు 185.

స్టేజ్ 5: దూరం (19 నుంచి 25)

ఫోటోలు నిజంగా మారింది ఇక్కడే. అప్పటిదాకా నేను 55-250 జూమ్‌తో అవతలి ఒడ్డు తాటిచెట్లు తీస్తున్నా, అన్నీ నీరసంగా వస్తున్నాయి, ఎడిటింగ్‌లో మసక తీసేసే డీహేజ్ స్లైడర్ లాగితే చెట్టు వస్తోంది కానీ మంచంతా గరుకుగా గీతలు గీతలుగా అయిపోతోంది. సెట్టింగులన్నీ మార్చి చూశా, తేడా లేదు.

గట్టు రోడ్డు పక్క కరెంటు స్తంభాలు ఉన్నాయి, పగలు టేపుతో కొలిస్తే 50 మీటర్లకి ఒకటి. పొద్దన్నే పోగానే ఒక స్తంభం దగ్గర నిలబడి ఎన్ని కనపడుతున్నాయో లెక్కపెట్టి రాయడం మొదలుపెట్టా. నాలుగోది కనపడి ఐదోది కనపడకపోతే చూపు 200 మీటర్లు. కిలోమీటరు లోపల చూపు ఆగితేనే వాతావరణం వాళ్ళు దాన్ని మంచు కింద లెక్క వేస్తారు, కానీ ఫోటోకి నాకు 100 నుంచి 400 మధ్య కావాలి.

మంచులో కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల తేడా) దూరంతో పాటు మెల్లగా కాదు, చాలా వేగంగా పడిపోతుంది. కంటికి చివరగా కనపడే దూరంలో 2 శాతం మిగులుతుందని లెక్క, అందులో సగం దూరంలో 14 శాతం, పావు దూరంలో 38 శాతం. అంటే చూపు 200 మీటర్లుంటే నా తాటిచెట్టు 50 మీటర్లలో ఉండాలి, నేను తీస్తున్నది 180 మీటర్లలో ఉన్నదాన్ని. అక్కడ లెన్స్ చేసేదేమీ లేదు.

మార్చింది ఇది:

1. జూమ్ సంచిలో పెట్టేశా, 18-55 మాత్రమే.
2. స్తంభాలు లెక్కపెట్టి, చూపులో పావు దూరంలో ముఖ్యమైన వస్తువు ఉండేట్టు నేను నడిచి పోయా.
3. సగం దూరంలో రెండోది, అంటే ఒక చెట్టో పడవో, దాని వెనక ఏమీ లేకపోయినా పర్లేదు. దగ్గరది నల్లగా, రెండోది బూడిదగా, ఆ వెనక తెలుపు, మంచు లోతు ఆ మూడు మెట్లలోనే కనపడుతుంది.

ఏడు పొద్దుల్లో ఐదు ఫోటోలు నిలబడ్డాయి, అంతకు ముందు పద్దెనిమిది పొద్దులకి రెండు.

అందులో ఒకటి విసురు వల వేసే పెద్దాయనది. ఆయన రోజూ మెలకువగా నన్ను చూస్తూనే ఉన్నాడు, ఇరవయ్యో పొద్దున దగ్గరికొచ్చి "ఏందబ్బయా, ఏమీ కనపడని రోజే తీస్తుండావు, కనపడే రోజు తీయవు" అన్నాడు. సంగతి చెప్పా. "అట్టయితే రోజూ ఎందుకు రావడం? రాత్రి చుక్కలు బాగా కనపడి ఆకు కదలకుండా ఉంటే పొద్దన్నే మంచు ఖాయం. మబ్బుంటే రాదు. గాలి ఉంటే నిలబడదు" అన్నాడు. వల వేసేది ఫోటో తీసుకుంటానంటే "తీసుకోబ్బయా, నాకేం" అని నీళ్ళలోకి దిగాడు. వల అంచు గుళ్ళు కొన్ని పళ్ళతో పట్టుకుని, నడుము తిప్పి వదిలితే అది గాల్లో చాపంత గుండ్రంగా విచ్చుకుంది, తాళ్ళ నుంచి నీటి చుక్కలు ఒక వరసగా రాలాయి. మొదటిసారి 1/60 సెకనులో తీశా, వల పొగలా వచ్చింది. 1/320 కావాలి, ఆ చీకట్లో దానికి ఐఎస్ఓ (వెలుగుని పెంచి చూపే కెమెరా సెట్టింగు) 3200 పెట్టాల్సి వచ్చింది, దాంతో ఫోటోలో గరుకు వస్తుంది. మంచు లాంటి సాదా చోటులో గరుకు బాగా తెలుస్తుంది, అందుకే ఎక్స్‌పోజర్ కొంచెం ఎక్కువ ఇచ్చి ఇంటికొచ్చాక తగ్గించా, అట్టా చేస్తే గరుకు తగ్గింది. ఆరోసారి వేసిన వల కుదిరింది. ప్రింట్ తీసి ఇచ్చా, చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి "మామూలుగా వేసేదే గదా ఇది" అని లుంగీ మడతలో పెట్టుకోబోయి, తడుస్తుందని మళ్ళీ తీసి బండి డిక్కీలో పెట్టమన్నాడు.

ఇప్పటిదాకా: 25 పొద్దులు, మంచు 12, ఫ్రేములు 809, ఉంచుకున్నవి 7, ఖర్చు 185 (ప్రింట్ కలపలేదు).

స్టేజ్ 6: రేపు మంచు పడుతుందా (26 నుంచి 30)

పెద్దాయన మాటలో ఉన్నవి రెండు, తెరిపి ఆకాశం, గాలి లేకపోవడం. నేల వేడి ఆకాశంలోకి పోవాలి, చల్లబడ్డ గాలి కదలకుండా నది పక్కనే ఉండాలి. నేను మూడోది కలిపా, గాలిలో తేమ. దానికి రెండు మామూలు థర్మామీటర్లు 150 చొప్పున కొన్నా. ఒకదాని గుండుకి పలచటి నూలు గుడ్డ చుట్టి, గుడ్డ చివర చిన్న సీసాలో నీళ్ళలో ముంచా. గాలి పొడిగా ఉంటే తడి గుడ్డ థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది, తేమ నిండుగా ఉంటే రెండూ ఒకటే చూపిస్తాయి. 20 డిగ్రీల దగ్గర రెండిటికీ తేడా 1 డిగ్రీ ఉంటే తేమ 91 శాతం.

మొదట దీన్ని మేడ మీద పెట్టా, తప్పు, సిమెంటు శ్లాబు రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుంది. ఇంటి వెనక ఖాళీ జాగాలో కర్రకి, నేలకి నాలుగడుగుల ఎత్తున, పైన అట్టముక్క కప్పు వేసి కట్టాక లెక్క కుదిరింది.

రాత్రి 11కి చూసే పద్ధతి:

1. చుక్కలు కనపడుతున్నాయా.
2. అగరుబత్తి పొగ నిలువుగా లేస్తోందా.
3. థర్మామీటర్ల తేడా 1 డిగ్రీ లోపల ఉందా.

మూడూ అవును అయితేనే అలారం. తొమ్మిది రాత్రులు చూశా, ఐదుసార్లు అవును వచ్చింది, ఐదుసార్లూ పోయా, నాలుగుసార్లు మంచు పట్టింది. పట్టని రోజు తెల్లవారుజామున మూడు దాటాక మబ్బు వచ్చింది. మిగతా నాలుగు రాత్రులు కాదు అని వచ్చి పడుకున్నా, ఒక పొద్దు మాత్రం మంచు పట్టింది, ఆ పక్క ఊరి నుంచి పాలు పోసే అతను చెప్పాడు. ఆ రాత్రి నా తేడా 1.5, అంటే ఇంటి దగ్గర తేమ, నది దగ్గర తేమ ఒకటి కాదు. నది నీళ్ళు ఆ వారంలో కొలిస్తే 24 డిగ్రీలు, పొద్దున గాలి 18, వెచ్చటి నీళ్ళే పక్క గాలికి తేమ ఇస్తున్నాయి. వచ్చే ఏడు థర్మామీటర్లు గట్టు మీదే ఎవరి పెరట్లోనన్నా పెట్టాలి, హద్దు 1.5కి పెంచి చూడాలి.

ఫిబ్రవరి మొదటి వారం దాటాక రాత్రి గాలి తిరిగింది, అగరుబత్తి పొగ పక్కకి పోవడం మొదలైంది, మూడు రాత్రులు వరసగా కాదు అనే వచ్చింది. అక్కడితో ఆపేశా.

మొత్తం: 30 పొద్దులు, మంచు పట్టినవి 16, ఫ్రేములు 969, ఉంచుకున్నవి 11, ఖర్చు 485.

వచ్చే డిసెంబర్‌కి మిగిలిన పనులు: రెండో లెన్స్‌కి ఇంకో వేడి పట్టీ, థర్మామీటర్లకి గట్టు మీద చోటు, గుడి ఎదురుగా నది మధ్యలో ఉన్న జమ్ము దిబ్బని సంక్రాంతి లోపల ఒక్కసారన్నా 50 మీటర్ల దూరం నుంచి తీయాలి. దానికి పుట్టి కావాలి, పెద్దాయన వాళ్ళ తమ్ముడి దగ్గర ఉందంట, అడిగా, దీపావళి దాటాక గుర్తు చేయమన్నాడు.